పచ్చి వాసన పోయేదాకా

సెప్టెంబర్ 3, మంగళవారం

జ్వరం విడిచింది. కోడలు కాఫీ తెచ్చి ఇచ్చింది. వేడినీళ్ళు తాగినట్టుంది. పొడి ఎవరి కోసం దాచిపెడుతున్నావని కసిరాను. ఆ పిల్ల గ్లాసు తీసుకెళ్ళి చిక్కగా కలిపి తెచ్చింది. అదీ వేడినీళ్ళే.

సెప్టెంబర్ 4, బుధవారం

తప్పు కాఫీది కాదు.

కోడలు ఇందుజ కుళాయి దగ్గరికి వెళ్ళిన సమయం చూసి వంటింట్లో ఒక్కొక్క డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టుకున్నాను. ఇంగువ, ధనియాల పొడి, ఎండుచేప. చివరికి ఫినాయిల్ సీసా కూడా. ఏమీ లేదు. గోడను వాసన చూసినా అంతే. ఉప్పు, పులుపు, కారం మాత్రం నాలుకకు తెలుస్తున్నాయి. మిగతా లోకమంతా ఎక్కడికో పోయింది.

ఇదంతా తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్ళు లేరు, చదవగలిగినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. మా నాయన పోదనూరు రైల్వే కాలనీలో పలక మీద నేర్పించాడు. కొడుకు సత్యరాజ్ తమిళం చదివాడు, కోడలు ఇంగ్లీషు చదివింది. ఈ పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టినా తాళం వేసినట్టే.

సెప్టెంబర్ 6, శుక్రవారం

ముక్కు డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే బస్సులో వెళ్ళొచ్చాను. మార్కెట్‌కు పోతున్నానని ఇంట్లో చెప్పాను. జ్వరాల తర్వాత కొందరికి ఇలా అవుతుందట. తిరిగి రావచ్చట, రాకపోవచ్చట. ఎప్పుడో చెప్పలేడట.

"అక్టోబర్‌లో ఆసనం ఉండాది సార్" అన్నాను. ఆయన నా మొహం చూశాడు. ఆయనకేం తెలుసు ఆసనమంటే.

వచ్చేటప్పుడు నిజంగానే మార్కెట్‌కు వెళ్ళి వంకాయలు కొన్నాను. అబద్ధం చెప్పినట్టు కాకూడదని.

సెప్టెంబర్ 8, ఆదివారం

కోయిల్లో ఆరాధన అయ్యాక మా పాస్టర్ కృష్ణరాజ్ అయ్యరు ప్రకటన చెప్పారు. అక్టోబర్ ఇరవైన పండుగ, వీధంతా కలిసి కూర్చుని తినే ఆసనం. "సమయల్ మన తంగమ్మక్క చేతిలో దా. భయం లేదు" అన్నారు, వంట నా చేతిలోనే అని. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. నేనూ తల ఊపాను.

మా అత్త చేతిలోంచి వచ్చిన గరిటె అది. వీధిలో ప్రతి ఇంటి నుంచీ బియ్యం వస్తుంది. సన్నబియ్యం, లావు బియ్యం, రేషన్ బియ్యం అన్నీ ఒకే గోనెలో కలిపేసి వండుతాం. ఎవరి బియ్యం ఎవరిదో తెలియకూడదు. వండేవాళ్ళు ఉపవాసం ఉండాలి. రుచి చూడకూడదు. ఒకప్పుడు మావాళ్ళను ఊరి పెళ్ళిళ్ళలో అందరూ తిని లేచాక, అదీ బయట కూర్చోబెట్టేవాళ్ళట. అందుకే మా ఆసనంలో మొదటి పంక్తీ లేదు, చివరి పంక్తీ లేదు. ప్రార్థన అయ్యాక అందరం ఒకేసారి ఆకులో చెయ్యి పెడతాం. అంతకు ముందు వండిన మనిషి నాలుకకైనా సరే తగలకూడదని అత్త కట్టడి.

అంటే మొత్తం వాసన మీదే వండాలి. ఉప్పు కూడా ఆవిరిని చూసి, వాసన పట్టి చెప్పాలి. నేను చెప్పేదాన్ని. ఎప్పుడూ తప్పలేదు.

నేను గుడ్డిదాన్నయితే అందరికీ తెలిసేది. చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళు. ఇదెవరికీ కనపడని గుడ్డితనం.

సెప్టెంబర్ 11, బుధవారం

ఇవాళ ట్రంకు పెట్టె తెరిచాను. మా ఆయన కోటు తీశాను. నల్లసామి అనే పేరు కాలరు లోపల ఇంకా ఉంది, రైల్వే వాళ్ళు వేసిన అచ్చు. చలికాలంలో పట్టాల వెంబడి నడిచేటప్పుడు వేసుకునేవాడు. ఆయన పోయిన తర్వాత దీన్ని ఉతకలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మనసు బాగా లేని రోజు తలుపు వేసుకుని మొహం అందులో పెట్టుకుంటే చాలు, ఆయన పక్కన కూర్చున్నట్టే ఉండేది.

ఇవాళ ముతక గుడ్డ. అంతే.

మనిషి పోయినప్పుడు ఏడ్చినంతా మళ్ళీ ఏడ్చాను. ఈసారి పలకరించడానికి ఎవరూ రాలేదు, ఎవరికి తెలుసు కనుక.

సెప్టెంబర్ 13, శుక్రవారం

ఉపవాసం. ప్రభువా, ఆసనం లోపల తిరిగి ఇవ్వు. నా కోసం కాదు. నీ బిడ్డల తిండి కోసం.

సెప్టెంబర్ 14, శనివారం

నా కోసం కూడా.

సెప్టెంబర్ 19, గురువారం

మహారాణికి మా వంట పడటం లేదు. నేను పోపు పెడితే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక వరండాలోకి పరుగు. చేప కడిగితే చెప్పనక్కర్లేదు. ఉడుమలైపేట కొబ్బరితోటల వాళ్ళ బిడ్డ మరి. సత్యరాజ్‌ను చేసుకుని ఇక్కడికి వచ్చి మూడో ఏడు నడుస్తోంది, ఇప్పుడు మొదలైంది ఈ వేషం. వాళ్ళవాళ్ళు ఒక్కరు కూడా మా గడప తొక్కలేదు. ఈ పిల్ల ఆదివారం కోయిల్‌కు వస్తుంది, చివరి బెంచీలో కూర్చుంటుంది, బాప్తిస్మం మాట ఎత్తితే తల వంచుకుంటుంది.

వాడు లారీ ఎక్కి నాగ్‌పూర్ వైపు పోయాడు. ఇంట్లో ఇద్దరం. పగలంతా గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు.

సెప్టెంబర్ 24, మంగళవారం

నేనొక మొద్దును. వేషం కాదు. ఇవాళ ఆ పిల్ల పచ్చి మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుని, గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుని తింటుంటే చూశాను. ఇద్దరు బిడ్డల్ని కని ఒకరిని మట్టిలో పెట్టినదాన్ని, నాకు తెలియదా.

పోయినేడు దానికి కడుపు నిలవలేదు. అందుకే నోరు విప్పడం లేదనుకుంటాను. మొగుడికైనా చెప్పిందో లేదో. నేను అడగను. చెప్పాలనుకుంటే తనే చెబుతుంది. నాకు మాత్రం చెప్పుకోవలసింది లేదా? నేను చెప్పానా? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.

దేవుడి విచిత్రం చూడు. ఒకే వంటింట్లో ఒకదానికి వాసనే లేదు, ఇంకొకదానికి లోకమంతా వాసనే.

సెప్టెంబర్ 27, శుక్రవారం

ఉపవాసం. ప్రభువు నాకొక దారి చూపించాడు.

ఉల్లిపాయలు వేగేటప్పుడు ఆ పిల్ల మొహం చూస్తే చాలు. కనుబొమలు ముడిపడితే మాడబోతోందని లెక్క. కొంగు ముక్కుకు వెళితే మసాలా ఇంకా పచ్చిగా ఉందని. కొంగు దిగిందంటే పచ్చి వాసన పోయిందని. ఇవాళ సాంబారు ఆ మొహం చూసే దించాను. "బాగుందిత్తా" అంది.

అందుకే అంటాను, ప్రభువు మీద భారం వేస్తే ఆయనే నడిపిస్తాడు.

సెప్టెంబర్ 29, ఆదివారం

సాయంత్రం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. అయ్యరు వచ్చారు, కర్పగం వచ్చింది, ఇంకా వీధిలో వాళ్ళు. ఒక్కొక్కరూ తమ కష్టం చెప్పుకున్నారు. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి కొడుకు తాగుడు. అందరి కోసం నేనే ప్రార్థన చేశాను. నా ప్రార్థన బాగుంటుందని పేరు.

చివర్లో అయ్యరు అడిగారు. "మీ కోసం ఏమి జెబం చేయాల తంగమ్మక్కా?"

"నాకొకటీ లేదయ్యా. అంతా ప్రభువు బలం దా" అన్నాను.

"ఆసనం పని ఎక్కువ అయితే నేను కొంజెం చూసుకుంటానక్కా" అని కర్పగం మధ్యలో దూరింది. వంటలో నా పక్కన రెండో గరిటె దానిది. ఎప్పుడెప్పుడు మొదటిది అవుతుందా అని చూస్తోంది. "నా చేతులు ఇంకా విరగలేదే" అన్నాను. అందరూ నవ్వారు. ఇందుజ నవ్వలేదు. కాఫీ గ్లాసులు ఏరుకుంటూ నన్నే చూస్తోంది.

అక్టోబర్ 3, గురువారం

రాయాలని లేదు.

పాలు పెట్టాను. పొంగి మంట ఆరిపోయింది కాబోలు. నేను వాకిట్లో బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఎంతసేపైందో. సాయంత్రం దీపాల వేళ అవుతోందని లేచి లోపలికి వచ్చి అగ్గిపెట్టె తీశాను. ఆ పిల్ల పడకగదిలోంచి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా, గోళ్ళు దిగేలా. ఇంకో చేత్తో స్టవ్ తిప్పింది, కిటికీలు తెరిచింది.

"గ్యాస్ అత్తా! ఇల్లంతా గ్యాస్! మీకు వాసన రాలేదా?"

"జలుబు" అన్నాను.

"జలుబా?"

"చెప్పినాను కదా జలుబని. పక్కకు పో."

ఆ పిల్ల పోలేదు. అగ్గిపెట్టె నా చేతిలోంచి తీసుకుంది. వరండాలో మెట్టు మీద కూర్చుని కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. నేను లోపల నిలబడి ఉన్నాను. వెళ్ళి పక్కన కూర్చోవాలని కాళ్ళకు తెలుసు. వెళ్ళలేదు.

అక్టోబర్ 4, శుక్రవారం

దేవుడు కాపాడాడు.

అక్టోబర్ 5, శనివారం

దేవుడే కాపాడాడు. అది నిజమే కదా. ఆ మాటే మళ్ళీ మళ్ళీ ఎందుకు రాస్తున్నానో.

అక్టోబర్ 13, ఆదివారం

అంతా సిద్ధం చేసుకున్నాను. అన్నం సంగతి కంటితో, చేతితో తెలుస్తుంది. రసానికి పొంగు చూస్తే చాలు. వేటమాంసం కొళంబు, ఆ పులుసు ఒక్కటే గండం. మసాలాకు గడియారం పెట్టుకుంటాను. నూనె పైకి తేలుతుంది, రంగు తిరుగుతుంది. ఇందుజను ఆకులు కడగడానికి కుళాయి దగ్గర నిలబెడతాను. వంటవాళ్ళు కానివాళ్ళు పొయ్యి చుట్టూ కట్టే తాడు దాటి లోపలికి రాకూడదు కానీ, కుళాయి దగ్గర నిలబడితే మొహం నాకు కనిపిస్తుంది.

ప్రభువు మీద భారం వేశాను. గడియారం బ్యాటరీ కూడా మార్పించాను.

అక్టోబర్ 19, శనివారం

రేపు పొద్దున కరెంటు పోతుందని ఎవరో అన్నారు. అందుకని కొబ్బరి ఇవాళే రుబ్బించాను. "వేడి దినాలు అక్కా, పులిసిపోతుంది. పొద్దున రుబ్బుదాం" అని కర్పగం అంది. "ఇన్నేళ్ళు నువ్వు వండినావా, నేను వండినానా?" అన్నాను. తడిగుడ్డ కప్పి డ్రమ్ములో పెట్టాం.

మధ్యాహ్నం నుంచి ఉపవాసం. ఆకలి లేదు. భయంగా ఉంది. రాత్రి లోపల ఇవ్వు ప్రభువా. నీకది ఎంత పని.

అక్టోబర్ 20, ఆదివారం

ఇవ్వలేదు.

సాయంత్రమైంది. కాళ్ళు వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి. ఇన్ని రోజులు రాసింది తిరగేసి చూస్తే నాతో నేనే ఎన్ని మెట్లు తప్పించి నడిచానో కనిపిస్తోంది.

తెల్లవారేసరికి గాడిపొయ్యి రాజేశాం. కోయిల్ వెనక రేకుల షెడ్డు కింద పొగ కమ్ముకుంది. అన్నం అండాలు బాగానే దిగాయి. రకరకాల బియ్యం కదా, ఒక గింజ మెత్తబడేసరికి ఇంకో గింజ పలుకు మీద ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపి చూసి చెప్పాను. చేతులు చేతుల్లాగే ఉన్నాయని ధైర్యం వచ్చింది.

కొబ్బరి డ్రమ్ము మూత తీశాను. తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. కుళాయి వైపు చూశాను. ఇందుజ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. కొంగు ముక్కుకు వెళ్ళింది. చూపు మాంసం వైపు లేదు, డ్రమ్ము వైపు ఉంది. ఇన్ని వారాలుగా దొంగచాటుగా చదువుతున్న మొహం, నాకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది.

"ఆగండి. కొబ్బరి పులిసింది. పారబోయండి" అన్నాను.

కర్పగం డ్రమ్ము మీదికి వంగింది. "ఆమాంక్కా! ఈ పొగలో నాకు తెలియనే లేదు. ముక్కంటే మా అక్క ముక్కు దా!" అంది. అందరూ అదే మాట. ఆ కొబ్బరి నిన్న రుబ్బించింది నేనేనని ఎవరూ ఎత్తలేదు. వెంటనే కొత్త కాయలు కొట్టి గ్రైండరు వేశారు. కరెంటు పోనే లేదు.

నేను నవ్వాను. ప్రభువా, వాళ్ళు మెచ్చుకుంటుంటే నవ్వుతూ నిలబడ్డాను.

మాంసం ఎక్కించాం. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, మసాలా. లోపల ఆరాధన మొదలైంది, పాట వినిపిస్తోంది. గడియారం చూసుకున్నాను. కట్టెల్లో సగం తడివి. ఒక పక్క మంట ఎగసిపడుతోంది, ఇంకో పక్క పొగ చూరుతోంది. గడియారం చెప్పిన సమయానికి నూనె తేలలేదు. రంగు చూద్దామంటే పొగలో అన్నీ ఒకే రంగు.

"అక్కా, పచ్చి వాసన పోయిందా? కొబ్బరి పోయాల్నా?" కర్పగం అడిగింది.

కుళాయి వైపు చూశాను. ఆ పిల్ల లేదు. కడిగిన ఆకులు పేర్చి ఉన్నాయి, మనిషి లేదు.

ఇప్పుడు పోస్తే, పచ్చిగా ఉంటే, అండా మొత్తం పాడు. పిల్లలకు కడుపు నొప్పి. ఇంకా ఉంచితే అడుగంటుతుంది. రెండో అండాకు మాంసం లేదు. అందరూ గరిటెలు ఆపి నా నోటి వైపు చూస్తున్నారు. కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఇప్పుడు. ఇప్పుడే ఇవ్వు. గుండె నిండా గాలి పీల్చాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, గొంతు మండింది. వాసన రాలేదు.

"అక్కా?"

"నాకు తెలీదు" అన్నాను.

ఆ మాట అనాలని అనుకోలేదు. బలం మొత్తం అయిపోయాక అడుగున అదే మిగిలింది.

"ఏమి తెలీదు?"

"వాసన. జ్వరం వచ్చిననాటి నుంచి నాకు వాసనే లేదు కర్పగం."

"అప్ప, కొబ్బరి సంగతి ఎట్ల తెలిసింది?"

"నా కోడలు మొహం చూసి చెప్పినాను."

గరిటె అండా అంచుకు తగిలించి నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఎప్పుడూ నా ముందు గొంతు ఎత్తని మనిషి. "ఏంక్కా ఇది? మన వీధి బిడ్డలంతా తినే సాపాటు! ఒక మాట చెప్పి ఉంటే ఏమి పోయేది?"

"నా గరిటె పోయేది" అన్నాను.

లోపల పాట అయిపోయింది. మంట ఒక్కటే చిటపటలాడుతోంది. సిగ్గు ఎంతగా ఉందంటే, ఆ పొగలోనే కరిగిపోతే బాగుండుననిపించింది. కానీ చిత్రంగా, అదే సమయంలో భుజాల మీద నుంచి ఏదో దిగింది కూడా.

"ఇందుజను పిలవండి" అన్నాను. ఈసారి నా గొంతు నాదే.

"ఆ పాప ఇంకా బాప్తిస్మం తీసుకోలేదే" అని వెనక నుంచి ఒకరు. "ఉపవాసం కూడా లేదు."

గోడ అవతల నుంచి ఇందుజ వచ్చింది. ఆ మాటలు విన్నట్టుంది. మూతి కడుక్కుని, మొహం తెల్లబారి ఉంది. తాడుకు అవతలే నిలబడి నెమ్మదిగా అంది. "ఉపవాసం లేనుంగ. ఉండకూడదని డాక్టరమ్మ చెప్పింది."

అందరికీ అర్థమైంది. ఇన్ని రోజులు గుండెల్లో దాచుకున్న మాటను అంతమంది ముందు పొయ్యి గట్టు మీద పెట్టేసింది. నేను నాది పెట్టినందుకు కాబోలు, తనదీ పెట్టింది.

అందరూ మళ్ళీ నా వైపే చూశారు. "కట్టడి పెట్టింది మా అత్త" అన్నాను. "ప్రార్థనకు ముందు ఎవరి నాలుకకూ తగలకూడదని. ఈ పిల్ల నోరు మూసుకునే ఉంటుంది. ముక్కు తెరిస్తే చాలు నాకు. రా కన్నూ, లోపలికి రా."

కన్నూ అని ఎప్పుడూ పిలవలేదు. ఇదే మొదలు.

తాడు దాటి వచ్చింది. ముక్కుకు అడ్డం ఉన్న కొంగు తీసి నడుముకు చెక్కుకుంది. అండా మీదికి వంగింది.

"ఇంగా ఉండాదిత్తా" అంటూనే కాలువ దగ్గరికి పరుగెత్తింది. కర్పగం వెనకే వెళ్ళి వీపు రాసింది. తిరిగి వచ్చింది. కర్పగమే స్టూలు లాగి వేసింది, నాతో మాత్రం మాట్లాడలేదు. నేను కలుపుతూనే ఉన్నాను.

"ఇంగా."

"ఇప్పుడు?"

"కొంజెం ఉండాది. వెల్లుల్లి దా."

మళ్ళీ పరుగు, మళ్ళీ రావడం. వద్దు కూర్చో అన్నాను, వినలేదు. నా చేతులకు ఆ పిల్ల ముక్కు, ఆ పిల్ల ముక్కుకు నా చేతులు. ఇద్దరం కలిస్తే ఒక వంటమనిషి అయ్యాం.

చివరికి వంగి అలాగే ఉండిపోయింది. కొంగు పైకి వెళ్ళలేదు.

"పోయిందా?"

"పోయిందత్తా." నా వైపు తిరిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. "నాకు ఆకలవుతా ఉండాది."

ఈ మాట కంటే ఇంకేం కావాలి నాకు. కొబ్బరి పోయించాను.

అయ్యరు ప్రార్థన చేశారు. అందరం నేల మీద కూర్చుని ఒకేసారి ఆకులో చెయ్యి పెట్టాం. నాకు ఉప్పు తెలిసింది, కారం తెలిసింది, వేడి తెలిసింది. మిగతాదంతా పక్కన ఇందుజ తింటుంటే చూశాను. రెండోసారి అన్నం పెట్టించుకుంది. కర్పగం ఎదురు వరుసలో కూర్చుంది, నా వైపు చూడకుండా తిన్నది. తప్పు దానిది కాదు.

అక్టోబర్ 22, మంగళవారం

అయ్యరు వచ్చారు. వచ్చే ఏడు గరిటె కర్పగానికి ఇచ్చాను. నేనే ఇచ్చాను.

లేదు. ఆయన అడిగితే ఇచ్చాను. అడగకపోతే ఇచ్చేదాన్నో కాదో నాకు తెలియదు. నొప్పిగానే ఉంది.

వెళ్ళేటప్పుడు ఆయన, "అప్ప, జెబం చేసి పోతాను" అని లేచారు. ఎప్పుడూ ఆ ప్రార్థన నేనే చేసేదాన్ని. "నా కోసం చేయండయ్యా" అన్నాను. ఆయన నా కోసం ప్రార్థన చేస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్టోబర్ 25, శుక్రవారం

ఉపవాసం. ఇవాళ ఏమీ అడగలేదు. ముక్కు తిరిగి ఇవ్వమని ఇన్ని వారాలు పీకల మీద కూర్చున్నాను. ఇవ్వాల్సింది ఎప్పుడో ఇచ్చి నా ఇంట్లోనే ఉంచాడు, నేను దాన్ని కొంగు చాటు నుంచి దొంగిలిస్తూ వచ్చాను. అంతా నీ బలమే అని ఎన్నిసార్లు అన్నానో ప్రభువా. నీకు ఎంత నవ్వొచ్చి ఉంటుందో.

ఇప్పుడు పొద్దున పాలు, సాయంత్రం స్టవ్, అన్నీ ఇందుజే వాసన చూసి చెబుతుంది. ఇంట్లో కాస్త మాట పుట్టింది. "పాలు బాగున్నాయత్తా." ఇంతే మాట. ఇంతే అయినా, ఈ ఇంటికి కొత్త.

సత్యరాజ్‌కు ఫోన్లో కడుపు సంగతి చెప్పిందట. వాడు లారీ పక్కకు ఆపి ఏడ్చాడట.

నవంబర్ 2, శనివారం

కల్లర పండుగ, పోయినవాళ్ళను తలుచుకునే రోజు. సమాధుల దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన సమాధికి సున్నం కొట్టించాను, బంతిపూలు పెట్టాం, కొవ్వొత్తులు వెలిగించాం. ఇందుజ తలమీద కొంగు వేసుకుని నా పక్కనే నిలబడింది. ఆయన్ను అది చూడనే లేదు. అది వచ్చేనాటికే ఆయన పోయాడు.

ఇంటికి వచ్చాక చాలాసేపు ఆలోచించాను. తర్వాత ట్రంకు పెట్టె తెరిచి కోటు తీసి దాని చేతికిచ్చాను. ఆ పిల్ల భయపడింది. ఈ పెట్టె జోలికి పోవద్దని వచ్చిన మొదటి వారంలోనే చెప్పి ఉన్నాను.

"వాసన చూడు" అన్నాను. "ఆయనది ఇంగా ఉండాదా, పోయిందా, నాకు తెలీదు. నువ్వు చెప్పాల."

పాత బట్ట, దుమ్ము, నూనె. అదీ ఏ వాసనా పడని ఈ రోజుల్లో. వద్దంటుందేమో అనుకున్నాను. ఇందుజ రెండు చేతులతో కోటు ఎత్తి మొహం అందులో పెట్టేసింది. నేను చిన్నపిల్లలా దాని నోటి వైపు చూస్తూ కూర్చున్నాను.

"తుప్పు ఉండాదత్తా" అంది కోటు లోపలి నుంచే. "తారు లాగ ఒకటి. బీడీ."

"కాలరు దగ్గర చూడు."

చూసింది. కాలరు మడత విప్పి మళ్ళీ ముక్కు ఆనించింది.

"కొబ్బరినూనె" అంది. "తల నూనె. చెమట. ఒక మనిషి."

"ఉండాదా?"

"ఉండాదత్తా. ఇంగా ఉండాది."

నేను ఏడ్చాను. ఆ పిల్ల కూడా ఏడ్చింది, ఎందుకో నాకు తెలియదు, అడగలేదు. తర్వాత చెరో పక్క పట్టుకుని కోటు మడిచి పెట్టెలో పెట్టాం. తాళం వేయలేదు.